మహమ్మారి నాటి ఓరుగల్లు

2020వ సంవత్సరము ఫిబ్రవరి 5 మొదలు 8 వరకు మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరిగినది. హనుమకొండ మీదుగా పోవు బస్సులలో కాలు మోప చోటు లేకుండెను. భుజమునకు భుజము తగులుచుండ, తల్లులకు సమర్పించు బెల్లమును (అక్కడ దానిని బంగారమందురు) మోసికొని లక్షలాది జనులు సాగిపోయిరి. జనవరి 30వ తేదీననే కేరళమున మొదటి కరోనా రోగి కనబడినను, ఆ దూరపు వార్త మా చెవి కెక్కలేదు.

మార్చి 2వ తేదీన తెలంగాణమునను మొదటి రోగి కనబడెను. 22వ తేదీన జనతా కర్ఫ్యూ. 25 నుండి దేశమంతటను లాక్‌డౌను. 19వ తేదీన ప్రారంభమైన పదవ తరగతి పరీక్షలు మూడు పత్రములతోనే నిలిచిపోయెను. జూనులో వానిని రద్దు చేసి, విద్యార్థుల నందరిని ఉత్తీర్ణులుగా ప్రకటించిరి. ఏండ్ల తరబడి పరీక్షలు జరిపించిన నాకు ఇది మిక్కిలి వింతగా తోచెను.

దుకాణముల యెదుట సున్నముతో వలయములు గీచిరి. వలయమున కొక్కరు చొప్పున నిలువవలెను. మాస్కు లేక బయటకు రారాదు. మేము కూరగాయలను ఉప్పునీట కడిగి, పాల పాకెట్లను సబ్బునీట ముంచుచుంటిమి. సబ్బుతో చేతులు కడుగుటలో శాస్త్రమున్నది. కరోనా వైరసుపై నొక క్రొవ్వుపొర కలదు. సబ్బు ఆ పొరను చీల్చును. పొర చీలిన వైరసు నిర్వీర్యమగును. కాని యా వ్యాధి ముఖ్యముగా వ్యాపించునది ఊపిరి ద్వారా. రోగి మాటలాడినను, దగ్గినను, తుమ్మినను వెలువడు తుంపురులును, వానికంటె సూక్ష్మమైన కణములును, గాలి యాడని గదిలో నిలిచి యితరుల ఊపిరితిత్తులను చేరును. మేమో, కూరగాయలను కడిగి, కిటికీలు మూసికొని కూర్చుంటిమి!

మా యెదుటి యింటి మేడమీది వాటాలో ఒక నర్సు అద్దెకుండెడిది. ఆమె ఆసుపత్రి నుండి వచ్చి మెట్లెక్కుటయే వీథివారికి భయకారణమయ్యెను. ఆమె పట్టుకొనిన కమ్మిని ఇంటి యజమాని పలుమారులు కడిగించుచుండెను. మాస్కు ధరించి గాలి వెలుతురు గల మెట్లమీదుగా పోవు మనిషివలన కలుగు ప్రమాదము మిక్కిలి స్వల్పమని నాడు మేము తెలిసికొనలేదు. నలుగురును గూడి, ఆమెను ఖాళీ చేయింపవచ్చునా యని నన్నడిగిరి. ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాడను గదా! నేను, “మీకు తోచినట్లు చేయుడు” అంటిని. కాదని యొక్క మాట చెప్పియుండినచో వారు వినెడివారేమో. నాలుగు దినములకు ఆమె తన పెట్టెను, గ్యాసు పొయ్యిని తెలిసినవారి బండిలో వేసికొని వెడలిపోయెను. నేను కిటికీ సందునుండి చూచితిని.

ఇట్టి సంగతులు దేశమున పలుతావుల జరిగెను. 1897లో ప్లేగు నాడు చేయబడిన అంటురోగముల చట్టమును 2020 ఏప్రిల్ 22వ తేదీన ఆర్డినెన్సు ద్వారా సవరించి, వైద్యసిబ్బందిని కొట్టుటయే గాక, వారి బ్రతుకునకు భంగము కలుగునట్లు వేధించుటయు శిక్షార్హమని విధించిరి. మా వీథి కా చట్టము ఆలస్యముగా వచ్చినది.

2021 జనవరి 16వ తేదీన దేశమున టీకాలు ప్రారంభమయ్యెను. మార్చి 1 నుండి అరువది యేండ్లు దాటినవారికి వంతు వచ్చినది. ఏప్రిలులో నేను రెండవ మోతాదునకు పోవునప్పటికి రెండవ అల ముంచుకొని వచ్చియుండెను. ఆక్సిజను పడకలకై జనులు పరుగులిడుచుండిరి. నా వంతు రాగా తలయెత్తి చూచితిని. ముఖమున మాస్కున్నను ఆ కన్నులను గుర్తించితిని. ఆమె నన్ను గుర్తించెనో లేదో చెప్పజాలను.

“ఏ చేతికి వేయమంటారు, సార్?” అని యడిగెను.

ఎడమచేయి చూపితిని. ఏమో చెప్పవలెనని నోరు తెరచునంతలో వెనుకనున్నవారు ముందుకు జరిగిరి.

“అరగంట కూర్చొని వెళ్ళండి సార్. కిటికీ దగ్గర కూర్చోండి, గాలి వస్తుంది” అని, ఆమె మరియొక సూదిని చేతి కెత్తుకొనెను.