పంచాయతీ కార్యాలయపు లైను: అలారములు, పరీక్షలు

తుంగభద్ర దిగువ కాలువ చివరి పొలమునకు నీరు రానప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు రైతు ఏమి చేయును? గట్టు వెంట పైకి నడచి, ఏ తూము వరకు నీరున్నదో, ఏ తూము నుండి లేదో చూచును. గండి ఆ రెండింటి నడుమనే యుండును. పంచాయతీ కార్యాలయమునకు వచ్చు సమాచారపు లైను విషయములోను అనుసరింపవలసిన పద్ధతి ఇదియే.

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ అను గాజుతీగెను చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అను పేరు వచ్చినది. పంచాయతీ నిధుల చెల్లింపులు, ధ్రువపత్రములు, దరఖాస్తులు నేడు ఇట్టి లైనులపై ఆధారపడియున్నవి. లైను ఆగిన దినమున, కూలి పోగొట్టుకొని వచ్చినవారు వట్టి చేతులతో మరలవలసివచ్చును. కావున "లైను లేదు" అని మాత్రమే ఫిర్యాదు చేసిన చాలదు. ఎంతవరకు ఉన్నదో చెప్పగలుగవలెను.

మొదట కార్యాలయములోని పెట్టెను చూడవలెను. దీపములేవియు వెలుగనిచో లోపము విద్యుత్తుది. ఎర్రదీపము వెలిగినచో గాజుతీగె గుండా కాంతి చేరుటలేదని అర్థము. ఇట్టి పెట్టెలు పెక్కింటికి మరియొక గుణము కలదు: విద్యుత్తు పోయినంతనే, ఆరిపోవుటకు ముందు పైకేంద్రమునకు కడపటి సంకేతమొకటి పంపును. దానివలన తీగె తెగలేదనియు, విద్యుత్తు మాత్రమే పోయినదనియు అచ్చటివారు గ్రహింతురు.

రౌటరు ఛానళ్లపై అలారములు మూడు రంగుల పేర్లతో వ్యవహరింపబడుచున్నవి. సెకనుకు 20,48,000 బిట్లను 32 భాగములుగా మోసెడి ఇ-1 వంటి లైనులలో స్థిరపడిన పద్ధతి ఇది. ఎర్ర అలారము: మనకు రావలసిన సంకేతము తప్పినది. నీలి అలారము: మన ఎదుటి యంత్రము పనిచేయుచున్నది గాని, దానికే పైనుండి సంకేతము రాక, ఖాళీని ఒకట్లతో నింపి పంపుచున్నది. పసుపు అలారము: మనకు వచ్చుట సరిగానే యున్నది, మనము పంపినది అవతలివారికి చేరుటలేదు. ఈ భేదము తెలిసినచో ఏ వైపు నడువవలెనో తెలియును.

అలారమును అమర్చుటలో మితము పాటింపవలెను. క్షణకాలపు అంతరాయమునకే మ్రోగునట్లు చేసినచో జనులు దానిని లెక్కచేయరు. మిక్కిలి ఆలస్యముగా మ్రోగునట్లు చేసినచో ప్రయోజనముండదు. అంతరాయము కొన్ని సెకనులు నిలిచిన పిదప అలారము పుట్టునట్లును, లైను కొంతసేపు నిలకడగా నడచిన పిదపనే తొలగునట్లును అమర్చుట మంచిది.

అటుపిమ్మట లూప్ పరీక్ష. పంపిన సంకేతమును ఒకచోట మళ్లించి తిరిగి రప్పించుటయే లూప్. మొదట మన రౌటరులోనే మళ్లింతురు. సరిగా తిరిగివచ్చినచో మన యంత్రము మంచిది. తరువాత అవతలి కొనలో మళ్లింతురు. అచ్చటనుండి రానిచో లోపము నడుమనున్నది. తెలిసిన బిట్ల వరుసను పంపి, తిరిగివచ్చిన వానిలో తప్పులెన్నియో లెక్కించినచో లైను నాణ్యత తెలియును. ఈ పరీక్ష జరుగునంతసేపు ఛానలు పని ఆగును. కావున రద్దీవేళ చేయింపరాదు. ముగిసిన వెంటనే లూప్ తీసివేయుట మరువరాదు. మరచినచో లైను బాగుగనున్నట్లే కన్పట్టును. పని మాత్రము జరుగదు.

తెగినచోటు కనుగొనుటకు గాజుతీగెలోనికి కాంతిని పంపి, దాని ప్రతిఫలనమును కొలుతురు. అందు కాంతి 1 కిలోమీటరు పోయి మరలి వచ్చుటకు సెకనులో సుమారు లక్షవ వంతు పట్టును. ఈ లెక్కను బట్టి ఎంత దూరములో తెగినదో తేలును.

నీటి గొట్టమునకో, మురుగు కాలువకో పంచాయతీ త్రవ్వించిన గోతిలోనే తీగె తెగుట కలదు. కావున త్రవ్వకమునకు ముందు తీగె పోవు దారిని విచారించి, దాని పటమును కార్యాలయములో ఉంచవలెను. లైను ఆగిన వేళ, వెలిగిన దీపము, చేసిన పరీక్ష, బాగుపడిన వేళ ఒక పుస్తకములో వ్రాయించి, ప్రతి సమావేశమందు సభ్యులు చూడవలెను. కాలువ గట్టును కాచుకొనువానికే చివరి మడి తడియును.