తీగలేని సంవేదక జాలములు: ప్రణాళికా రచన

తీగల సహాయం లేకుండా రేడియో తరంగాల ద్వారా ఒకదానితో నొకటి సంభాషించుకొనే చిన్న చిన్న కొలత యంత్రాల సముదాయమే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్. దీనిని సంవేదక జాలమని మనం పిలుచుకొనవచ్చును. జాలంలోని ఒక్కొక్క యంత్రానికి నోడు అని పేరు. ఉష్ణోగ్రతనో, తేమనో గ్రహించే సెన్సరు, ఒక చిన్న ప్రాసెసరు, రేడియో, బ్యాటరీలు ఇందులో ఉంటాయి. నోడులు తమ కొలతలను ఒకదాని నుండి మరొకదానికి అందించుకొంటూ గేట్‌వే అనే కేంద్రానికి చేరుస్తాయి.

ఇంజనీరింగు విద్యార్థులు చివరి సంవత్సరపు ప్రాజెక్టుకై ఈ విషయాన్ని ఎన్నుకొనడం సంతోషించదగినదే. కాని చాలామంది ముందుగా బోర్డులు కొనితెచ్చి, ఆ తరువాత వాటితో ఏమి కొలవవచ్చునో ఆలోచిస్తారు. ఇది తలుపులు కొనితెచ్చి వాటికి తగిన ఇల్లు కట్టబూనడం వంటిది. మొదట తేలవలసినది ప్రశ్న. ఎవరికి, ఏ నిర్ణయం తీసుకొనడానికి, ఏ కొలత కావలెను?

కర్ణాటకలోని పావగడ తాలూకా మన అనంతపురం సీమను ఆనుకొనియున్నది. అక్కడి వానాధారపు వేరుశెనగ రైతులకై బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విద్యాసంస్థ కలిసి 2000 తరువాతి దశాబ్దంలో కామన్ సెన్స్ నెట్ అనే ప్రాజెక్టును చేపట్టాయి. ఆ పరిశోధకులు రైతులకు ఏ సమాచారం కావలెనో గ్రామాలలో విచారించి, దానిపై తమ రూపకల్పనను ఆధారపరచినారు. ప్రాజెక్టు నివేదికలో మొదటి అధ్యాయం కాదగినది ఈ విచారణయే.

ప్రశ్న స్థిరపడిన పిదప అది అంకెలుగా మారవలెను. కొలత ఎన్ని నిమిషాలకొకసారి? ఎంత ఖచ్చితంగా? ఎన్ని నెలలు? ఈ మూడింటిపైనే బ్యాటరీ ఆయుర్దాయం ఆధారపడుతుంది. దీనిని కాగితంపై లెక్కించడం కష్టమేమీ కాదు. ప్రసిద్ధమైన టెలోస్-బి నోడును తీసుకొందాము. దాని రేడియో సందేశం పంపునపుడు సుమారు 17 మిల్లీ ఆంపియర్లు, వినునపుడు సుమారు 19 మిల్లీ ఆంపియర్లు వాడుకొంటుంది. పంపడంకంటె వినడానికే విద్యుత్తు కొంచెం ఎక్కువ కావడం కొత్తవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చొనడమే ఇక్కడ పెద్ద ఖర్చు! ప్రాసెసరుతో కలిపి 20 మిల్లీ ఆంపియర్లనుకొంటే, 2500 మిల్లీ ఆంపియర్-గంటల సామర్థ్యంగల రెండు పెన్సిల్ బ్యాటరీలు వరుసగా కలిపినపుడు 125 గంటలు, అనగా అయిదు రోజులకు మించి నిలువవు. అదే రేడియో నూటికి ఒక వంతు కాలం మాత్రమే మేల్కొని తక్కిన కాలం నిద్రించినచో, నిద్రలో ఖర్చయ్యే స్వల్ప విద్యుత్తును కలుపుకొన్నా సగటు 0.21 మిల్లీ ఆంపియర్లు. అప్పుడు లెక్క ప్రకారం పదహారు నెలలు రావలెను. బ్యాటరీ సామర్థ్యమంతా వాడుకొనడానికి వీలుకాదు గనుక ఇందులో మూడవ వంతు తగ్గించి అంచనా వేయడం వివేకం.

ఇంతటి లెక్క తెలిసినవారికి సైతం పొలంలో ఏమి ఎదురుకాగలదో నెదర్లాండ్స్‌లోని ఒక బంగాళాదుంప క్షేత్రం చూపినది. 1845లో ఐర్లండు కరువుకు మూలమైన లేట్ బ్లైట్ తెగులు ఆకుల నడుమ తేమను బట్టి వ్యాపిస్తుంది. ఎప్పుడు ఎక్కడ తేమ పెరిగినదో తెలిస్తే రైతు అవసరమైనంత మేరకే మందు చల్లవచ్చును. ఈ ఉద్దేశంతో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో సుమారు నూరు నోడులను పొలంలో నిలిపినారు. ప్రశ్న చక్కనిది, పరిశోధకులు సమర్థులు. అయినను మూడు వారాలలో చేరవలసిన సందేశాలలో చేరినవి నూటికి రెండు మాత్రమే.

కారణాలు వినదగినవి. పూర్తికాని మార్పు ఒకటి పొరపాటున మూల ప్రోగ్రాములో చేరి, రేడియోను నడిపే భాగం సరిగా పనిచేయకుండా పోయినది. కొత్త ప్రోగ్రామును గాలిలోనే అందించే సదుపాయం నోడులను విశ్రాంతి లేకుండా మాట్లాడించి, నెలలు రావలసిన బ్యాటరీలను నాలుగు రోజులలో హరించినది. ఇరుగుపొరుగు నోడుల పేర్లు వ్రాసుకొనే పట్టిక చిన్నదైనందున అనేక నోడులు దారి కానక మిగిలిపోయినవి. వీటిలో సెన్సరు దోషం ఒక్కటియు లేదు. పరిశోధకులు ఈ వృత్తాంతమంతా దాచకుండా 2006లో ప్రకటించినారు. మర్ఫీకి బంగాళాదుంపలంటే ప్రీతి అని ఆ పత్రానికి పేరు. విజయాలను వర్ణించే పది పత్రాలు చదివిన విద్యార్థికి ఇటువంటి ఒక్క పత్రం ఎక్కువ ఉపకరిస్తుందని నా అభిప్రాయం. పూర్వ పరిశోధనను వెదకునపుడు ఇవి మొదట వెదకదగినవి.

అమెరికాలో మెయిన్ రాష్ట్ర తీరాన గ్రేట్ డక్ దీవిపై 2002 వేసవిలో 32 నోడులు అమర్చిన ప్రయోగం మరొకటి. అక్కడ పెట్రెల్ అనే సముద్ర పక్షులు నేలబొరియలలో గుడ్లు పెడతాయి. మనిషి తరచుగా వెళ్ళి చూచినచో తల్లిపక్షి గూటిని విడిచిపోవచ్చును. కనుక మనిషి వెళ్ళకుండానే గూటిలోని వేడిమిని తెలుసుకొనవలెను. అక్కడ ముఖ్య శత్రువు నీరు. తేమను కొలిచే సెన్సరు అసంభవమైన అంకెలు చూపసాగితే, ఆ నోడు లోపలికి నీరు చేరినదనియు, త్వరలోనే మూగబోవుననియు పరిశోధకులు గ్రహించినారు. ఆ విధంగా, చెడిన కొలతయే ముందుగా అందిన హెచ్చరికయైనది. నోడును మూసే పెట్టె ఖరీదును, దానిని నీటిలో ముంచి పరీక్షించే రోజులను ప్రణాళికలో మొదటనే చేర్చవలెను. ప్రతి నోడు కొలతలతోపాటు తన బ్యాటరీ వోల్టేజిని కూడ పంపవలెనని వ్రాసుకొనవలెను. ఆగిపోయిన నోడు ఎందుకు ఆగినదో తెలియడానికి చాలాసార్లు అదొక్కటే సాక్ష్యం.

రేడియో పౌనఃపున్యం విషయంలో తొందర పనికిరాదు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకొనడానికి 865 మెగాహెర్ట్జ్ మొదలైన పట్టీ కలదు. అమెరికా కొరకు చేసిన 915 మెగాహెర్ట్జ్ పరికరాలు చౌకగా దొరికినను ఆ పట్టీలోనికి రావు. 2.4 గిగాహెర్ట్జ్ కూడ అనుమతింపబడినదే, కాని పచ్చని ఆకులు దానిని బాగుగా పీల్చివేస్తాయి. కాబట్టి విత్తనం వేసిన నాడు కొలిచిన దూరాన్ని నమ్మరాదు. పైరు ఏపుగా పెరిగిన తరువాత రెండు నోడులతో మరల నడిచి కొలిచి, ఆ దూరాన్నే పటంలో గుర్తించవలెను.

ఇక చివరిది జ్ఞాపకశక్తి. కాలిఫోర్నియాలో సుమారు 70 మీటర్ల రెడ్‌వుడ్ చెట్టుపై నోడులను వేర్వేరు ఎత్తులలో అమర్చి, 44 రోజులు ప్రతి అయిదు నిమిషాలకు కొలతలు తీసిన ప్రయోగం 2005లో ప్రకటితమైనది. రేడియో విఫలమైనా కొలతలు నిలిచియుండుటకై ప్రతి నోడు తన మెమరీలో కూడ ఒక ప్రతి వ్రాసుకొన్నది. ఇది ఎంతో మెచ్చదగిన ముందుచూపు. కాని ప్రయోగం ముగియకముందే ఆ మెమరీ నిండిపోయినది. ప్రయోగశాలలో సెన్సర్లను సరిచూచిన నాటి కొలతలు అందులో ఇంకను మిగిలియుండెను. అందుచేత మన ప్రణాళికలో, చెట్టెక్కే రోజుకు ముందటి రోజు పేరుతో ఒక పుట కేటాయించి, మెమరీ తుడుచుట, గడియారం సరిచేయుట, కొత్త బ్యాటరీల వోల్టేజి వ్రాసుకొనుట అనే మూడు పనులు, చేయవలసిన విద్యార్థి పేరుతో సహా అందులో వ్రాయవలెను.