పోయినవారి ఫేస్‌బుక్ ఖాతా

మనిషి చనిపోతే బ్యాంకు పుస్తకం ఇంట్లో మిగులుతుంది. రేషన్ కార్డులో పేరు మిగులుతుంది. ఈ రోజుల్లో ఫేస్‌బుక్ ఖాతా కూడా మిగులుతోంది. దాన్ని ఏం చేయాలి?

ఒక ఊళ్ళో ఒక తల్లికి చేతికందిన కొడుకు జబ్బు చేసి చనిపోయాడు. కొన్నాళ్ళకు అతని పుట్టినరోజు వచ్చింది. ఆ సంగతి ఫేస్‌బుక్ అందరి ఫోన్లకూ పంపింది. చావు కబురు తెలియనివాళ్ళు "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు" అని రాశారు. అది చూసి కోడలు ఏడ్చింది.

"అత్తయ్యా, ఆయన ఖాతా తీసేయిద్దామా?" అంది.

"వాడి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి కదమ్మా! అవి కూడా పోతాయా?" అంది అత్త.

ఇందుకు రెండు దారులున్నాయి.

మొదటిది: ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని అడగవచ్చు. అప్పుడు ఫోటోలు, రాతలు అలాగే ఉంటాయి. పుట్టినరోజు కబుర్లు ఆగిపోతాయి. పాస్‌వర్డు తెలిసినా ఆ ఖాతాలోకి ఎవరూ పోలేరు. దొంగలూ పోలేరు, ఇంటివాళ్ళూ పోలేరు. అందుకని కావలసిన ఫోటోలు ముందే ఫోన్‌లో దాచుకోవాలి.

రెండోది: ఖాతాను పూర్తిగా తీసేయమని దగ్గరి బంధువులు అడగవచ్చు. తీసేస్తే ఫోటోలు కూడా పోతాయి. మళ్ళీ రావు.

అత్తాకోడళ్ళు మాట్లాడుకున్నారు. మొదటి దారే మేలనుకున్నారు.

చనిపోయినట్టు రుజువు చూపాలి. మరణ ధ్రువీకరణ పత్రం అందుకు పనికొస్తుంది. బ్యాంకులోనూ అదే అడుగుతారు. కాబట్టి చావును 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఇది 1969 నాటి చట్టం.

బతికి ఉండగానే ఏర్పాటు చేసుకోవచ్చు. తన తర్వాత ఖాతా చూసుకునే మనిషి పేరు ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చు. 2015లో ఈ వీలు వచ్చింది. ఆ మనిషి ఖాతాలోని ముఖచిత్రం మార్చవచ్చు. పోయినవారి గురించి నాలుగు మాటలు రాయవచ్చు. కానీ వారి సొంత ఉత్తరాలు చదవలేరు. ఎవరి గుట్టు వారిదే.

గూగుల్ సంగతి వేరు. ఖాతాను 2 ఏళ్ళు ఎవరూ వాడకపోతే గూగుల్ దాన్ని తీసేయవచ్చు. అందులో దాచిన ఫోటోలు కూడా పోవచ్చు. ఆలస్యం చేయకూడదు.

ఆలోచించండి:
1. స్మారక ఖాతా అంటే ఏమిటి?
2. ఖాతా తీసేయించే ముందు ఏం చేయాలి?
3. మీ ఇంట్లో ఎవరెవరికి ఫేస్‌బుక్ ఉంది? వారి తర్వాత దాన్ని ఎవరు చూసుకోవాలి? ఇంట్లో మాట్లాడండి.