బొమ్మల రంగు

ఆటబొమ్మ అల్పమైన వస్తువే. అయినను బొమ్మలతో చేసిన యొక పరీక్ష అమెరికా దేశపు సుప్రీముకోర్టు వఱకును పోయినది. ఆ వృత్తాంతమును మీరును, మీ తలిదండ్రులును ఎఱుగుట మంచిది.

కెన్నెత్ క్లార్కు, మేమీ క్లార్కు అను నల్లజాతి దంపతులు మనశ్శాస్త్ర పండితులు. వీరు 3 మొదలు 7 సంవత్సరముల వఱకు వయసుగల నల్లజాతి పిల్లలను 253 మందిని పరీక్షించి, ఫలితములను 1947లో ప్రకటించిరి. ప్రతి బిడ్డ యెదుట నాలుగు బొమ్మల నుంచిరి. అన్నియు ఒకే అచ్చున పోసినవి; రంగున మాత్రమే భేదము. రెంటికి గోధుమవన్నె మేను, నల్లని జుట్టు. రెంటికి తెల్లని మేను, పసుపుపచ్చని జుట్టు. ఏ బొమ్మతో ఆడుకొందువు, ఏది మంచిది, ఏది చెడ్డగా కనబడుచున్నదని మొదట నడిగిరి. నీవలె నున్నది యేదని తుదకు నడిగిరి.

నూటికి 67 మంది తెల్లబొమ్మనే కోరిరి. చెడ్డగా కనబడునది గోధుమబొమ్మ యని 59 మంది చూపిరి. తమవలె నున్న బొమ్మ యేదన 66 మంది ఆ గోధుమబొమ్మనే చూపిరి. చెడ్డదని యంతకుముందే త్రోసివేసిన బొమ్మను, ఇది నేనే యని చూపవలసిన పసిబిడ్డ యవస్థ నూహింపుడు! కొందఱు ఏడ్చిరి, గది విడిచి పరుగెత్తినవారును గలరు. అంకెలకంటె ఈ పరుగే నాకు ఎక్కువ తెలుపుచున్నది.

జాతినిబట్టి ప్రభుత్వ పాఠశాలలను వేఱుపఱచుట రాజ్యాంగవిరుద్ధమని 1954 మే 17న వెలువడిన తీర్పు, తన 11వ అధస్సూచికలో మొట్టమొదట పేర్కొన్నది క్లార్కు వ్రాసిన పత్రమునే.

అయితే ఒక సంగతి గమనింపవలెను. వేఱు బడులుగల దక్షిణ ప్రాంతమున తెల్లబొమ్మతో ఆడగోరినవారు నూటికి 62. తెల్లపిల్లలతో కలసి చదువు ఉత్తరప్రాంతమున 72! కావున బడి యొక్కటే కారణ మనుటకు వీలులేదు. బిడ్డ చేతిలోని పుస్తకమును గూడ విప్పి చూడవలెను.

నాన్సీ లారిక్ అను విదుషి అట్లే చూచెను. 1962 మొదలు 1964 వఱకు 63 ప్రకటనసంస్థలు వెలువరించిన 5,206 బాలల గ్రంథములలో, ఒక్క నల్లజాతి మనుష్యుడైనను కానవచ్చినవి 349 మాత్రమే యని 1965లో వ్రాసెను. వానిలోను పెక్కింటి కథలు పరదేశములవో, పూర్వకాలపువో. అందుచేతనే 1962లో ఎజ్రా జాక్ కీట్సు రచించిన 'ది స్నోయీ డే' విశేషమైనది. అందలి నల్లజాతి బాలుడు పీటరు ఎవరికిని నీతి బోధింపడు, కష్టములు పడడు. ఎఱ్ఱని దుస్తులు తొడిగి మంచులో ఆడుకొనును, అంతే. ఆ చిత్రములకు 1963లో కాల్డెకాట్ బహుమానము లభించెను. 1968లో లాస్ ఏంజిలీస్ నగరమున షిందానా కంపెనీవారు, తెల్లబొమ్మ అచ్చుకే నల్లరంగు పూయుటతో తృప్తిపడక, నల్లజాతి బిడ్డ ముఖకవళికలతోనే 'బేబీ నాన్సీ' యను బొమ్మను చేసిరి.

మన యంగళ్లలోను పచ్చజుట్టు, నీలికన్నుల ప్లాస్టిక్ బొమ్మలు కలవు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి దశావతారములతోపాటు వడ్లు దంచు స్త్రీని, ఎడ్లబండిని, తాడిచెట్టెక్కు గీతకాఱుని గూడ చేయుదురు. వడ్లు దంచు తల్లి బిడ్డకు అంగడిలో తన యిల్లు కనబడును. తలిదండ్రులు కొనునపుడు ఈ బొమ్మలనుగూడ చూతురుగాక.

విద్యార్థులకు ఒక పని. మీ వాచకము తెఱచి, బొమ్మలలోని మనుష్యులను లెక్కింపుడు. వారి మేనిచాయ యేది? కట్టు ఎట్టిది? వారు చేయు పని యేమి? మీ వీథిలోనివా రెవరు ఆ పుటలలో లేరో, వారి పేరులు ఎదుట వ్రాసి తరగతికి తెండు.