అరువు రేపు

మా వీధి చివర కిరాణా కొట్లో తక్కెడ వెనక ఓ అట్టముక్క వేలాడుతుండేది: 'ఈరోజు నగదు, రేపు అరువు'. చిన్నప్పుడు నేనది నమ్మి మర్నాడు పొద్దున్నే చెయ్యి చాచాను. కొట్టాయన నవ్వి, "బోర్డు మళ్లీ చదువు" అన్నాడు. కొన్నాళ్లు ఊరూరా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులూ ఉన్నాయి. దెయ్యం వచ్చి, చదువుకుని వెనక్కి పోతుందట. మర్నాడు మళ్లీ వస్తుందట. అంటే రోజూ వస్తూనే ఉంటుందన్నమాట. అది మాత్రం ఎవరికీ తట్టలేదు.

నాన్న పోయాక పదకొండు నెలలు నా తలుపు మీద కూడా ఆ రాతే ఉంది.

పని పెద్దదేం కాదు. ఆయన పేరున బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్. నామినీ అమ్మ. మరణ ధ్రువీకరణ పత్రం, డిపాజిట్ రసీదు, అమ్మ ఆధార్, క్లెయిం ఫారం ఇస్తే చాలు. నామినీ ఉంటే వారసత్వ ధ్రువీకరణ కోసం కోర్టుకు వెళ్లే పని కూడా లేదు. అన్నీ ఒక పసుపు కవర్లో పెట్టి బీరువాలో అమ్మ చీరల కింద ఉంచాను. సోమవారం రద్దీగా ఉంటుంది. మంగళవారం వద్దులే. రెండో శనివారం ఎలాగూ సెలవు. మనసు చూసినన్ని వర్జ్యాలు ఏ పంచాంగమూ చూడదు.

ఆ పదకొండు నెలలూ నేను ఖాళీగా ఏమీ లేను. ఫ్యాన్లు తుడిచాను, మోటారు స్టార్టరు బాగు చేయించాను, ఇద్దరు స్నేహితుల ఇన్‌కంటాక్స్ రిటర్నులు కూర్చుని వేసిపెట్టాను. వాయిదా వేసేవాడు సోమరి అని మొదట ఎవరన్నారో గానీ, వాళ్లెప్పుడూ ఒక పనిని తప్పించుకోవడానికి పది పనులు చేసి ఉండరు.

మనస్తత్వ పరిశోధకులు ఫ్యూషియా సిరోయిస్, టిమ్ పిచిల్ 2013లో రాసిన వ్యాసంలో తేల్చింది ఇదే. వాయిదా అనేది సమయం చూసుకోవడం రాక వచ్చేది కాదు, ఆ క్షణాన మనసును ఊరడించుకునే ఉపాయం. పని గుర్తు రాగానే లోపల ఏదో చేదుగా ఉంటుంది. 'రేపు చూద్దాం' అనుకోగానే ఆ చేదు పోతుంది. ఆ హాయికే మనం అలవాటు పడతాం. అలాంటప్పుడు గోడకి టైంటేబుల్ అంటిస్తే ఏం లాభం? చేదుమాత్ర పొద్దున్నే మింగెయ్యమనే సలహా కూడా నా దగ్గర పారలేదు. గొంతు పట్టేసినవాడికి పొద్దునైనా రాత్రైనా ఒకటే.

ఓ రాత్రి కవరు తెరిచి, పెన్ను పట్టుకుని, చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూద్దామని కూర్చున్నాను. బ్రాంచి పేరు రాశాను. ఖాతా నంబరు రాశాను. 'మరణించిన ఖాతాదారు పేరు' అన్న గడి దగ్గర ఆగిపోయింది. పక్కనే డిపాజిట్ రసీదు, దాని మీద ఆయన సంతకం, చివరి అక్షరం కింద ఎప్పుడూ గీసే ఆ వంకర గీత. ముల్లు గుచ్చుకున్నది అక్కడొక్కచోటే. మిగతా ఫారమంతా ఇరవై నిమిషాల పని.

నేను చెప్పదలిచింది ఈ ముల్లు గురించే. పని మొత్తం ఎప్పుడూ చేదుగా ఉండదు. స్కానింగు రిపోర్టు తెచ్చుకోవడంలో ముల్లు ఆటో ఎక్కడంలో ఉండదు, కవరు విప్పడంలో ఉంటుంది. అలాంటిదానికి పక్కన ఒక మనిషి కావాలి. బాకీ గడువు అడగాలంటే నోరు రాదు. ఆ మొదటి వాక్యం కాగితం మీద రాసుకుని చూసి చదివేయడమే. ఊరికే విసుగు పుట్టించే పనులకైతే రేడియో పెట్టుకుంటే సరి, వాటికింత విచారణ అక్కర్లేదు.

ఆదివారం తమ్ముడొచ్చాడు. ఫారం చేతిలో పెట్టి, "ఈ ఒక్క గడీ నువ్వు నింపరా" అన్నాను. నింపేసి, "అన్నయ్యా, మరి నాన్న గది నువ్వు సర్దు. నావల్ల కావట్లేదు" అన్నాడు. వాడి ముల్లు అక్కడుందని నాకు అప్పటిదాకా తెలీదు.

మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించిన కిటుకు ఒకటి వాడాను: ఏ పని తర్వాత ఏ పనో ముందే ముడివేసుకోవడం. 'ఈ వారంలో వెళ్తాను' అనుకోలేదు. 'బుధవారం పాలాయన డబ్బు కట్టి అటునుంచి అటే బ్యాంకుకి' అనుకున్నాను. ఇక పదకొండు నెలలు ఎందుకు ఆగానని నన్ను నేను తిట్టుకోవడం మానేశాను. 2010లో కెనడా కాలేజీ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లే రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్లు కూడా ఆ చేదులోకే కలుస్తాయి మరి.

పదేళ్లు ఎవరూ కదిలించని బ్యాంకు సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. దాన్ని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టారు. ఆ నిధిలో ఎన్ని పసుపు కవర్ల డబ్బుందో అనిపిస్తుంది.

బ్యాంకులో అరగంట పట్టింది. తిరిగొస్తూ అమ్మ అంది, "నువ్వు ఎప్పుడు బయల్దేరదీస్తావోనని నాకు రోజూ భయంగానే ఉండేదిరా."

ఆ కవర్లో ఇప్పుడు కరెంటు బిల్లులు పెడుతోంది.