పళవేర్కాడుకు వెళ్ళే ముందు

తిరుత్తణి

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఆదివారం స్నేహితులతో పళవేర్కాడు పోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన కొండమీది 365 మెట్లూ ఒక్క ఊపున ఎక్కే కాళ్ళు నీవి. అక్కడ మాత్రం ఆ పరుగు వద్దమ్మా.

పొన్నేరిలో రైలు దిగి మొదటి బస్సు పట్టుకోండి. ఎండ ముదిరితే ఇసుకలో కాలు పెట్టలేరు. వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు నడిస్తే ఒకపక్క సముద్రం, ఒకపక్క సరస్సు. మనం పులికాట్ అంటామే, పాతవాళ్ళు ప్రళయకావేరి అనేవారు, అదే. పిచ్చాటూరు డ్యామ్ దగ్గర నువ్వు ఆడుకున్న ఆరణి నీళ్ళు చివరికి చేరేది అందులోకే. పోటు వచ్చినప్పుడు మొగలోంచి ఉప్పునీళ్ళు లోపలికొస్తాయి. ఏటి నీళ్ళూ కడలి ఉప్పూ కలిసినచోటే రొయ్య పెరుగుతుంది. ఇసుక మేటవేసి మొగ పూడిపోతే జాలరి ఇంట పొయ్యి చల్లారుతుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో చీట్లు తీసి పంచుకునే 'పాడు' అనే కట్టుబాటు వాళ్ళకుంది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే పక్కన కూర్చుని అడుగు.

మాఘమాసం కదా, ఫ్లెమింగోల మంద ఇంకా ఉంటుంది. ఇరవై రెండేళ్ళప్పుడు నేను పడవవాడికి పైడబ్బులిచ్చి మందలోకి పోనిమ్మన్నాను. వందల రెక్కలు ఒక్కసారి లేచాయి, ఎరుపూ నలుపూ. చప్పట్లు కొట్టాం. అవి ఎక్కడో దూరాన వాలాయి, మేమున్నంతసేపూ తిరిగి రాలేదు. మేతకొచ్చిన పక్షిని కంచం ముందునుంచి లేపానని అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నువ్వు ఒడ్డునే ఉండి చూడు. పక్షి మెడ వంచి, తల తలకిందులు చేసి, ముక్కు నీళ్ళలో అటూఇటూ ఆడిస్తూ సన్నపురుగుల్నీ నాచునూ వడకట్టుకుంటుంది. ఆ తిండివల్లే దాని రెక్కకు గులాబీ రంగు. మధ్యమధ్య కాళ్ళతో బురద తొక్కి పురుగుల్ని లేపుతుంది. ఆ తొక్కుడు కంటపడాలంటే కదలకుండా అరగంట నిలబడాలి.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. కిక్కిరిసి ఎక్కిస్తుంటే దిగిపోండి. 2011 క్రిస్మస్ రోజున అక్కడ పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఈ ఒక్కటీ బతిమాలి చెప్తున్నాను.

ఎండెక్కాక డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి పోండి. 1613లో వాళ్ళు కట్టిన కోట ముళ్ళపొదల పాలైంది గానీ, సమాధుల వాకిలికి రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఇంకా నిలబడి ఉన్నాయి. మన నేతగుడ్డల వ్యాపారం కోసం సముద్రాలు దాటి వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్ళు. పలకలమీద చెక్కడాన్ని నిదానంగా చూడు.

తిరిగొచ్చాక ఫోన్ చెయ్యకు, ఉత్తరం రాయి. ఫోటోలు పంపకపోయినా పరవాలేదు. ఒంటికాలిమీద నిలబడిన ఒక పక్షిని ఎంచుకుని, కాలు మార్చడానికి ఎంతసేపు తీసుకుందో చూసి చెప్పు.

ఇట్లు,
పెదనాన్న