నిద్రలో పళ్లు కొరకడం – దవడ కీలు బాధలు

పళ్లు నూరడమంటే మన భాషలో కోపం. "వాడు నీ మీద పళ్లు నూరుతున్నాడు" అంటాం. ఒకే హాలులో ముప్ఫై మంది పడుకునే మన హాస్టలు వాళ్లకు ఇంకో రకం కూడా తెలుసు. అర్ధరాత్రి కరకరమని చప్పుడు వస్తుంది. పక్కవాడు లేచి కూర్చుంటాడు, తెల్లారాక అందరికీ చెప్పి నవ్విస్తాడు. కొరికినవాడికి మాత్రం ఆ సంగతే తెలియదు. వైద్యులు దీన్ని బ్రక్సిజం అంటారు. ఇది ఎవరూ కావాలని చేసేది కాదు కాబట్టి ఎగతాళి చేయడం తగదు.

"కడుపులో పురుగులున్నాయి, అందుకే కొరుకుతున్నాడు" అని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. దీనికి గట్టి రుజువు లేదు. 2015 నుంచి బడుల్లో ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్ర మింగడం మంచిదే. అయితే అది నులిపురుగుల వల్ల రక్తహీనత, నీరసం రాకుండా ఉండటానికి. పళ్లు కొరకడానికి అది మందు కాదు.

ముందుగా కీలు సంగతి చూద్దాం. రెండు చూపుడు వేళ్లు చెవులకు కాస్త ముందు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ల కింద కదిలేదే దవడ కీలు. కింది దవడ ఎముక తల ఇక్కడ పుర్రె ఎముక గుంటలో కూర్చుంటుంది. రెండింటికీ మధ్య మెత్తని బిళ్ల ఉంటుంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా మడుచుకుంటుంది. దవడ కీలు మొదట తిరిగి, తర్వాత ముందుకు జారుతుంది. ఆ జారేటప్పుడు బిళ్ల పక్కకు తప్పితే 'టక్'మంటుంది. నొప్పి లేకుండా ఊరికే టక్‌మంటే వైద్యం అక్కర్లేదు, భయపడవద్దు.

కారణం ఒక్కటే అని చెప్పలేం. రాత్రి నిద్ర నుంచి క్షణకాలం తేలినప్పుడు దవడ కండరాలు బిగుసుకుంటాయి. ఆందోళన, పొగతాగడం, మద్యం, అతిగా టీ కాఫీలు, కొన్ని రకాల మానసిక వ్యాధుల మందులు దీన్ని పెంచుతాయి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో ఎక్కువ, చాలామందికి పెద్దయ్యేకొద్దీ దానంతటదే తగ్గుతుంది.

పగటి సంగతి వేరు. పరీక్షల ముందు లెక్క తెగక కూర్చున్నవాణ్ణి గమనించండి. పళ్లు బిగించే ఉంటాడు. చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. నిజానికి నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్లు, కిందిపళ్లు తగలకూడదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. గంటల తరబడి బిగిస్తే చెంప కండరాలు అలిసిపోతాయి, కణతలు నొస్తాయి. పొద్దున లేవగానే కణతల నొప్పి అంటే చాలామంది కళ్లద్దాల కోసం పరుగెత్తుతారు. దవడను కూడా ఒకసారి అనుమానించాలి. ఏళ్ల తరబడి కొరికితే పంటి పైపొర అయిన ఎనామిల్ అరిగిపోతుంది. అది మళ్లీ పుట్టదు.

చేయాల్సినది ఖర్చులేని పనే. పుస్తకం లోపలి అట్ట మీద "పళ్లు విడు" అని రాసుకోండి. కన్ను పడ్డప్పుడల్లా నాలుక కొనను పైపళ్ల వెనక చిగురుకు ఆనించి దవడ వదులు చేయండి. నొప్పి ఉంటే వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతో రోజుకు రెండు మూడుసార్లు కాపడం పెట్టండి. కొన్నాళ్లు చెరకు, వేయించిన శనగలు, చూయింగ్ గమ్ మానండి. ఆవులించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించండి. పడుకునే ముందు టీ తాగవద్దు.

దంతవైద్యులు పంటి అచ్చు తీసి నైట్‌గార్డ్ అనే తొడుగు చేసిస్తారు. అది పళ్లు అరగకుండా కాపాడుతుంది, కొరికే అలవాటును మాన్పదు. దవడ నొప్పికి పళ్లు అరగదీయాలనో, పీకాలనో ఎవరైనా మొదటిరోజే అంటే ఒప్పుకోకుండా ఇంకొకరికి చూపించండి. తీసిన పన్ను తిరిగి రాదు. దీర్ఘకాలపు దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, మానసిక ఒత్తిడి తగ్గించే చికిత్స ముందు చూడాలని 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

నోరు తెరవలేకపోవడం అన్నివేళలా కీలు జబ్బు కాదు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు పడకపోతే, కారం తగిలితే మంట పుడితే, నోటి లోపలి పొర గట్టిపడుతున్నదని అర్థం. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. ఆ రోజే మానేసి చూపించుకోవాలి. గాయమైన కొద్దిరోజులకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా వార్డెన్ గారిని లేపండి. ఆవులించినప్పుడు తెరిచిన నోరు మూతపడకపోతే కీలు జారిందన్నమాట. స్నేహితులు బలంగా మూయబోతే దెబ్బ తగులుతుంది, ఆసుపత్రిలోనే సరిచేయించాలి.

ప్రభుత్వ దంత వైద్యశాలలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. అక్కడికి వెళ్లేముందు నొప్పి ఎప్పుడు వస్తుందో, రాత్రి చప్పుడు ఎన్నాళ్లుగా ఉందో రాసుకుని వెళ్లండి. రాత్రి సంగతి మీకు తెలియదు కదా, పక్క మంచంవాణ్ణి అడగండి.